ఆయాసం

పైడిరాజు పడిపోయి నేటికి నాలుగు రోజులు. మలేషియాలోని బంటింగ్ ఊళ్ళో, బస్టాండు వెనక, మోటారుసైకిళ్ళ విడిభాగాల దుకాణం మీద రెండో అంతస్తులో ఉన్న వజ్రా జిమ్‌లో, నూట నలభై కిలోల బరువును నేల మీంచి మోకాళ్ళు దాటించి, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడుతుండగా, ఆ మనిషి మొహం బూడిదరంగుకి తిరిగింది. ఇనుప బార్ వదిలేశాడు, వాంతి చేసుకున్నాడు, పక్కకి ఒరిగిపోయాడు. ఇప్పుడు క్లాంగ్‌లో పెద్దాసుపత్రిలో మొహానికి ఆక్సిజన్ తొడుగు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. జిమ్ యజమాని లోగేశ్వరన్ మాత్రం ఆ సాయంత్రమే నిమ్మవాసన సీసా ఒకటి తెచ్చి గది నిండా కొట్టించి, మర్నాడు పొద్దున్నే మామూలుగా తలుపులు తెరిచాడు. పైడిరాజుకి శిక్షణ ఇచ్చిన వినోద్‌కుమార్‌ని ఆదివారం పది గంటలకి ఒక్కణ్ణే రమ్మని కబురు పెట్టింది కూడా ఆయనే. ఎందుకు రమ్మన్నాడో వినోద్‌కి తెలియదు. మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

మెట్ల కింద చీకటి మూలలో పైడిరాజు సైకిలు ఉంది. మూడు నెలలుగా అక్కడే ఉంది. రెండు చక్రాల్లోనూ గాలి లేదు. ఎవరో తాగేసిన టీ ప్లాస్టిక్ సంచిని స్ట్రాతో సహా దాని హ్యాండిల్‌కి తగిలించి పోయారు. అడుగున మిగిలిన పాల టీలో చీమలు తేలుతున్నాయి. వినోద్ ఆ సంచి తీసి పారేశాడు. వేళ్ళకి జిగురు అంటుకుంది, ప్యాంటుకి తుడుచుకున్నా పోలేదు. ఈ భవనంలో ఏది ముట్టుకున్నా ఇంతే, ఏదో ఒకటి అంటుకుంటుంది అనుకుంటూ మెట్లెక్కాడు.

ఆ సైకిలు అక్కడికి ఎలా చేరిందో అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పైడిరాజుకి నలభై ఎనిమిదేళ్ళు. తోటలో పుట్టి, ఇరవై ఏళ్ళు పొడుగాటి కర్రకి కట్టిన కొడవలితో పామాయిల్ గెలలు కోసి, ఆ తోట చేతులు మారాక ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పనిలో కుదురుకున్నాడు. కూర్చుని చేసే పని. పొట్ట వచ్చింది, షుగరు వచ్చింది, భుజాలు కరిగిపోయాయి. ఒకప్పుడు గెలల్ని బంతుల్లా బండిలోకి విసిరిన తను ఇంట్లో గ్యాస్ సిలిండరు కదపలేకపోతున్నానని సిగ్గుపడుతూ జిమ్‌కి వచ్చాడు. వినోద్‌ది కూడా అదే తోట. ఒకే వరస ఇళ్ళలో పుట్టినవాళ్ళు కాబట్టి మావా అని పిలిచేవాడు. చేరిన కొత్తలో మావ రోజూ ఇంటినుంచి ఏడు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు, బరువులెత్తాక మళ్ళీ తొక్కుకుంటూ పోయేవాడు.

వినోద్ మొదటి రోజున రాసిచ్చిన కార్డులో ఆ సైకిలుకి చోటుంది. వారానికి మూడు రోజులు బరువులు. మిగతా రోజుల్లో, పక్కవాడితో కబుర్లు చెబుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా సైకిలు. కాళ్ళకి పెద్ద బరువులు పెట్టిన రోజున మాత్రం ముందుగా తొక్కి అలసిపోకూడదు, ఆ ఒక్కరోజు మోటారుసైకిలు మీద రావాలి. తిండి తగ్గించకూడదు. కౌలాలంపూర్‌లో ఆరు వారాలు కూర్చుని నేర్చుకున్న చదువంతా ఆ నాలుగు వరసల్లో పెట్టాడు. వారం తిరక్కుండానే లోగేశ్వరన్ ఆ కార్డు చూసి, ఎర్ర పెన్ను తీసి, సైకిలు ఉన్న వరసలన్నీ కొట్టేశాడు. తొక్కిన ప్రతి కిలోమీటరూ కట్టిన కండని తినేస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ మాట గోడ మీద కూడా పెద్దక్షరాల్లో రాయించుకున్నాడు.

వినోద్ అప్పుడు నోరు మెదపలేదు. పైగా ఆ మాటని మావకి తెలుగులో అప్పజెప్పినవాడు కూడా అతనే. సైకిలు వదిలెయ్ మావా, బాస్ సెప్తన్నాడు, కండ రాదంట అన్నాడు. ఆ రోజే సైకిలు మెట్ల కిందికి చేరింది.

పైన తలుపు తీయగానే కంపు కొట్టింది. రబ్బరు పరుపుల వాసన, చెమట వాసన, వీటి మీద నిమ్మవాసన, వీటన్నిటికీ అడుగున ఇంకేదో పుల్లగా, కుళ్ళిన పాల వాసన. నాలుగు రోజులుగా ఆ వాసన పోవడం లేదు. మావ వాంతి పరుపుల సందుల్లోకి దిగిపోయిందని అందరూ అనుకుంటున్నారు. తుడిచిన తుడుపుగుడ్డ ఇంకా మూలన బకెట్లోనే నానుతోంది. దాన్ని బయట పారేయించాలన్న జ్ఞానం కూడా ఆ యజమానికి లేదు.

గోడ మీద మావ ఫోటోలు రెండూ అలాగే ఉన్నాయి. ఎడమ పక్కన పొట్టతో ఉన్న మావ, కుడి పక్కన ఒంటికి నూనె రాసుకుని భుజాలు బిగించిన మావ. కింద మూడు నెలలు అని రాసి ఉంది. ఫోటో తీసిన రోజున మావ సిగ్గుతో చొక్కా విప్పనంటే, లోగేశ్వరనే బలవంతంగా విప్పించి తన చేతులతో నూనె రాశాడు. ఆ మనిషి ఆసుపత్రిలో ఉంటే ఆ ఫోటో తీసెయ్యలేదేం అని వినోద్ మొన్న అడిగాడు. అది చూసే ఈ వారం ఇద్దరు చేరారు కదా అని జవాబొచ్చింది.

లోగేశ్వరన్ అద్దాల బీరువా పక్కన బల్ల మీద కూర్చుని ఉడికించిన గుడ్లు తింటున్నాడు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు రాష్ట్రస్థాయి పోటీల్లో నిలబడ్డాడు. ఇప్పటికీ భుజాలు తలుపుకి అడ్డంగా ఉంటాయి. అయితే కింద ఆపిన కారునుంచి ఈ రెండంతస్తులు ఎక్కేసరికి నోరు తెరుచుకుని రొప్పుతాడు. పది నిమిషాలకి గాని మామూలు మనిషి కాడు. గుడ్డు ఒలిచి, పచ్చసొన వేలితో తోడి ప్లాస్టిక్ కప్పులో వేసి, తెల్లసొన ఒక్కటే నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆ కప్పులో ఏడెనిమిది పచ్చసొనలు నలిగి, మెత్తగా, వేలిముద్రలతో ఉన్నాయి. వినోద్ చూపు తిప్పుకుని బీరువా వైపు చూశాడు. లోపల పేరు లేని నల్ల డబ్బా ఎప్పటి చోటనే ఉంది. అలసటగా ఉందన్న ప్రతివాడికీ అందులోంచి ఒక చెంచా పొడి నీళ్ళలో గిలక్కొట్టి ఇస్తారు. ఎక్కడిదని అడిగితే తన స్నేహితుడు చేసి పంపిస్తాడని లోగేశ్వరన్ చెబుతాడు.

ఆయన తమిళంలోనే మాట్లాడతాడు, వినోద్ కూడా తమిళంలోనే జవాబిస్తాడు. తమిళ బడిలో చదివినవాడికి అదేమీ కష్టం కాదు. లోగేశ్వరన్ కూర్చోమన్నాడు, గుడ్డు తింటావా అన్నాడు, పైడిరాజు ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు. బల్ల కిందినుంచి కొత్త కార్డు ఒకటి తీసి ముందుకి జరిపాడు. మూడు నెలల తేదీలు అప్పటికే నింపి ఉన్నాయి. చివరి గడి ఖాళీగా ఉంది. ప్రతి కార్డులోనూ ఆ గడి ఉంటుంది. సభ్యుడు ఒంట్లో బాలేదనో, నొప్పనో చెబితే శిక్షకుడు అక్కడ మలయ్‌లో రాయాలి.

అందులో తియాదా అదువాన్ అని రాసి సంతకం పెట్టు, ఫిర్యాదు ఏమీ లేదని అర్థం వస్తే చాలు అన్నాడు లోగేశ్వరన్. పాత కార్డు ఎక్కడుందని అడిగాడు.

"నా సంచిలో ఉంది బాస్."

"అది ఇక్కడ పెట్టేసి పో, తంబీ. ఆసుపత్రివాళ్ళు అడిగితే ఇది చూపిద్దాం. వాడు ఒక్కరోజు కూడా ఏమీ చెప్పలేదు కదా."

చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. ఆ మూడుసార్లూ తేదీ వేసి తన చేతితోనే రాశాడు వినోద్. ఆ కార్డుని ఎవరైనా మాయం చేస్తారేమోనని మావ పడిపోయిన మర్నాడే సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయినవాడు కూడా అతనే. ఈ నాలుగు రోజులూ అతనికి ఉన్న ఒకే ఒక్క శుభ్రమైన వస్తువు ఆ కార్డు. ఈ కంపులో, ఈ నూనెలో, ఈ ఎర్ర పెన్ను గీతల్లో తను ఒక్కటి మాత్రం సరిగ్గా చేశానని, విన్నది విన్నట్టు రాశానని ధైర్యంగా ఉన్నాడు.

రాయనన్నాడు.

లోగేశ్వరన్ మొదట నవ్వాడు. తర్వాత తను వినోద్‌కి చేసిన మేళ్ళన్నీ వరసగా చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, పైడిరాజుది షుగరు ఒళ్ళు, ఎక్కడో అక్కడ పడిపోవాల్సినవాడే, మన దగ్గర పడ్డాడు అంతే అన్నాడు. పెదవి చివర తెల్లసొన ముక్క అతుక్కుని ఉంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అది కదులుతూనే ఉంది. వినోద్‌కి ఆ ముక్క మీంచి చూపు మరలడం లేదు. ఇలాంటి మనిషి దగ్గర ఐదేళ్ళు పనిచేశానా అని తన మీద తనకే రోత పుట్టింది.

"సైకిలు మాన్పించకుండా ఉంటే మావకే తెలిసేది బాస్. ఏడు కిలోమీటర్లు తొక్కేవాడికి ఆరో కిలోమీటరులో ఊపిరి అందకపోతే తెలీదా? ఇక్కడ ఐదుసార్లు ఎత్తడం, నాలుగు నిమిషాలు కూర్చోవడం. గుండె ఎలా ఉందో ఎవడికి తెలుస్తుంది?"

ఐదేళ్ళలో ఆయన ముందు అతను అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదలు. లోగేశ్వరన్ మొహం గట్టిపడింది. నూట నలభై ఎత్తిన గుండె బలహీనమైనదా అని వెక్కిరించాడు. కండ వేరు, గుండె వేరు అన్నాడు వినోద్. కండ ఎంత పెంచినా దానికి రక్తం తోడాల్సింది గుండే కదా, దానికి పని నేర్పకుండా బరువు మీద బరువు వేసుకుంటూ పోయాం, రెండూ పక్కపక్కన నడవాలని నేను రాస్తే మీరు కొట్టేశారు అన్నాడు. కొట్టేస్తే నువ్వెందుకు ఊరుకున్నావని లోగేశ్వరన్ అడిగాడు.

అప్పుడే తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. పైడిరాజు తల్లి కూర్మమ్మ. డెబ్బై రెండేళ్ళ మనిషి. బూడిదరంగు చీర, చేతిలో వైరు సంచి. క్లాంగ్‌లో బస్సెక్కి, బంటింగ్‌లో దిగి, ఎండలో నడిచి, రెండంతస్తులూ ఎక్కి వచ్చింది. ఊపిరి మామూలుగానే ఉంది. నలభై ఏళ్ళు తోటలో రాలిన పళ్ళు ఏరిన మనిషికి ఈ మెట్లు ఒక లెక్క కాదు. వాసనకి ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని, గోడ మీద నూనె రాసుకున్న కొడుకు ఫోటోని ఒకసారి చూసి, వెంటనే మొహం తిప్పేసుకుంది.

వినోద్ ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. కోడలు శాంతాదేవి మూడు రోజులుగా ఈ జిమ్‌కి ఫోన్ చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదట. వినోద్ నంబరు వాళ్ళ దగ్గర లేదు. అందుకే తనే బయల్దేరి వచ్చింది. లోగేశ్వరన్ గుడ్డు పెంకులు ఏరుకుంటూ కూర్చున్నాడు.

"బాబూ, డాక్టరుగోరు ఒకటే అడుగుతన్నాడు. ఈ ఆయాసం ఆ రోజే వచ్చినాదా, ముందునించీ ఉన్నాదా అని. ఆడికి మాటాడ్డానికి లేదు. మూతికి అది పెట్టేసినారు. నీ పేరెత్తితే సేత్తో సైగ సేసినాడు, ఆ అబ్బాయికి సెప్పినాను అని. అది తెలిస్తే గాని ఏ మందు ఎయ్యాలో తేలదంట. నువ్వు సెప్పాల నాయినా."

వినోద్‌కి గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇందుకే కదా కార్డు దాచింది. సంచి తెరిచి, పసుపుపచ్చ కార్డు తీసి, ఆమె ముందు పట్టుకున్నాడు. లోగేశ్వరన్ లేచి నిలబడ్డాడు.

"ముందునించీ ఉన్నాది అమ్మమ్మా. మావ నాతో మూడుసార్లు సెప్పినాడు. ఆయాసంగా ఉన్నాది అన్నాడు. మూడుసార్లూ నేను రాసినాను, సూడు."

ఆమెకి చదవడం రాదు. ఏమని రాశావో చదవమంది. వినోద్ వేలు పెట్టి చదివాడు. మొదటి తేదీ, పెనాట్. పన్నెండు రోజుల తర్వాత, పెనాట్. పోయిన సోమవారం, పెనాట్ సంగాట్, చాలా పెనాట్.

కూర్మమ్మ అతని మొహంలోకి చూసింది. మలయ్ మేస్త్రీల కింద నలభై ఏళ్ళు పనిచేసిన మనిషికి ఆ మాట అర్థం చెప్పక్కర్లేదు.

"పెనాట్ అంటే అలుపు కదేటి నాయినా. నా కొడుకు అలుపని సెప్పినాడా?"

"కాదమ్మమ్మా, ఆయాసం అని సెప్పినాడు. అదే కదా ఇది."

"అదెలగవుద్ది?"

ఆమె కసురుకోలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. వైరు సంచి కింద పెట్టి, అరచెయ్యి గుండె మీద వేసుకుని, నోరు తెరిచి, భుజాలు ఎగరేస్తూ గబగబా నాలుగుసార్లు ఊపిరి లాగి వదిలింది. ఆ చప్పుడు ఖాళీ గదిలో పెద్దగా వినబడింది. ఇది ఆయాసం అంది. తర్వాత చేతులు వేలాడేసి, మెడ వాల్చి, కళ్ళు సగం మూసి చూపించింది. ఇది అలుపు అంది. రెండు నెలలుగా తన కొడుకు పడుకుంటే ఊపిరి ఆడక, మూడు తలగడలు పేర్చుకుని కూర్చునే నిద్రపోతున్నాడని, ఎవరికైనా చెప్పరా అంటే, వినోద్‌కి చెప్పాను, వాడు చదువుకున్నవాడు, రాసుకున్నాడు అనేవాడని చెప్పింది.

వినోద్ కార్డు తన వైపు తిప్పుకుని మళ్ళీ చూశాడు.

ఆయాసం. ఆ మాట అతనికి తెలుసు. తెలుసని అనుకున్నాడు. తమిళ బడిలో ఆరో తరగతి వ్యాసంలో వాడి, మాస్టారి చేత మెప్పు కూడా పొందాడు. పొలంలో పనిచేసి ఆయాసంతో ఇంటికి వచ్చిన రైతు. తమిళంలో ఆయాసమంటే అలసటే. ఇంట్లో తెలుగు వింటూ పెరిగాడు గాని, వచ్చిన ప్రతి మాటనీ బడి తమిళంతోనే కొలుచుకున్నాడు. మావ తెలుగులో ఊపిరి ఆడటం లేదన్నాడు. అతను తమిళంలో అలసిపోయాడని విన్నాడు. మలయ్‌లో అలసట అని రాశాడు. పోనీ కళ్ళతోనైనా చూడలేదా అంటే, జిమ్‌లో రొప్పనివాడెవడు? బరువు దింపిన ప్రతివాడూ రొప్పుతాడు. మూడుసార్లూ అయ్యో, అలసిపోయావా మావా అని నవ్వి భుజం తట్టాడు. మూడోసారి నల్ల డబ్బాలోంచి రెండు చెంచాలు వేసి, తన చేతులతోనే గిలక్కొట్టి ఇచ్చాడు. బుధవారం కూడా తనే ఇచ్చాడు.

ఇంతసేపూ ఎదురుగా ఉన్న మనిషి మీద కలిగిన అసహ్యమంతా ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. చేతి వేళ్ళు చూసుకున్నాడు. మెట్ల కింద అంటుకున్న టీ జిగురు ఇంకా అలాగే ఉంది.

లోగేశ్వరన్‌కి తెలుగు రాదు. ఏమిటి గొడవ అని తమిళంలో అడిగాడు. కూర్మమ్మే తమిళంలో చెప్పింది, కొడుకు మూచ్చు వాంగుదు అని చెబితే ఈ అబ్బాయి అలసట అని రాశాడని. రొప్పడాన్ని తమిళంలో అలాగే అంటారు. లోగేశ్వరన్ రెండు క్షణాలు ఆలోచించాడు. ఆ తర్వాత ఆయన మొహం విప్పారడం వినోద్ కళ్ళారా చూశాడు. అంతకంటే చూడకూడని దృశ్యం అతని జీవితంలో ఇంకొకటి లేదు.

లోగేశ్వరన్ బల్ల మీది కొత్త కార్డు తీసి నాలుగు ముక్కలుగా చింపి పచ్చసొనల కప్పులో పడేశాడు.

"నువ్వన్నదే రైటు, తంబీ. కార్డు మార్చకూడదు. ఉన్నది ఉన్నట్టే ఇచ్చెయ్. నువ్వు పెనాట్ అని రాశావు, నేను పెనాట్ అనే చదివాను. అంతే కదా?"

అంతే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పొద్దున్నుంచీ ఏ కార్డుని కాపాడటానికి పోట్లాడాడో ఆ కార్డే ఇప్పుడు లోగేశ్వరన్‌ని ఒడ్డున పడేస్తుంది. అంతకంటే ఘోరం, దాన్ని అలాగే పట్టుకెళ్ళి చూపిస్తే, రోగికి అలసట తప్ప ఇంకేమీ లేదని డాక్టరు నమ్ముతాడు. తన చేతిరాతే మావని రెండోసారి ముంచుతుంది. లోగేశ్వరన్ తువ్వాలుతో మూతి తుడుచుకుని, బీరువా దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి ఏదో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

కూర్మమ్మ సంచిలో ఫోన్ మోగింది. శాంతాదేవి. డాక్టరు పక్కనే ఉన్నాడట, వినోద్ దొరికితే ఆయనే మాట్లాడతాడట. కూర్మమ్మ ఫోన్‌ని వినోద్ చెవి దగ్గర పెట్టింది. అతను తీసుకోకపోతే తనే పట్టుకుని నిలబడింది.

అవతలి గొంతు మలయ్‌లో, తీరిక లేకుండా, మర్యాదగా అడిగింది. శిక్షకుడు మీరేనా, రోగి మీతో ముందు ఏమన్నా చెప్పాడా, రికార్డు ఏమైనా ఉందా.

ఉందని చెప్పి, ఉన్నది చదివితే సరిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు. కూర్మమ్మ కూడా కోర్టుకి వెళ్ళి సాక్ష్యం చెప్పే మనిషి కాదు. వినోద్ కార్డు వైపు చూశాడు. మొదటి తేదీ మీద బొటనవేలు పెట్టాడు.

"రికార్డు ఉంది డాక్టర్, కానీ అది తప్పు. పెనాట్ అని రాశాను. ఆయన చెప్పింది సెంపుట్. ఊపిరి ఆడటం లేదన్నాడు. మూడుసార్లు చెప్పాడు. నాకు భాష సరిగా రాక తప్పుగా విన్నాను. తప్పు నాది."

అవతల కాగితం మీద పెన్ను పరిగెత్తడం వినబడింది. తేదీలు అడిగితే చెప్పాడు. పడుకుంటే ఎలా ఉండేదని అడిగితే మూడు తలగడల సంగతి చెప్పాడు. డాక్టరు మందలించలేదు. మందలించి ఉంటే బాగుండునని వినోద్‌కి అనిపించింది. కూర్మమ్మకి మలయ్ అంతా అర్థమవుతుంది. ఆమె ఫోన్ పట్టుకున్న చెయ్యి కదపలేదు, అతని మొహం మీంచి చూపు తీయలేదు.

అప్పుడు డాక్టరు ఇంకో ప్రశ్న అడిగాడు. గుండె బలహీనతకి కారణం కనిపిస్తోంది గాని, గుండె ఇంత వేగంగా, ఇంత అడ్డదిడ్డంగా కొట్టుకోవడానికి ఇంకేదో తోడైనట్టుంది, ఏదైనా పొడి, మాత్ర, ఇంజెక్షను ఇచ్చారా అన్నాడు. ఇచ్చానన్నాడు వినోద్. డాక్టరు దాని పేరు చెప్పమన్నాడు. పేరు లేదు. అయితే ఆ డబ్బానే పట్టుకు రండి, అందులో ఏముందో తెలియకుండా ఇవ్వాలనుకున్న మందు ఇస్తే ప్రాణానికే ముప్పు కావచ్చు, సాయంత్రం లోపల తెస్తే మంచిది అని ఫోన్ పెట్టేశాడు.

వినోద్ బీరువా వైపు తిరిగాడు. అద్దం తలుపు బార్లా తెరిచి ఉంది. నల్ల డబ్బా ఉండాల్సిన చోట దుమ్ములో గుండ్రటి మచ్చ మాత్రం మిగిలింది. లోగేశ్వరన్ గదిలో లేడు. ఫోన్లో మాటలన్నీ విన్నాడు, మలయ్ ఆయనకీ వచ్చు కదా. కిందినుంచి కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. కారు ఇంకా కదల్లేదు. దిగి పట్టుకోవాలా, కేక వెయ్యాలా తోచలేదు. ఆ తెరిచిన కిటికీలోంచి గాలి లోపలికి కొట్టింది. నిమ్మవాసన చెదిరి, ఆ కుళ్ళిన పాల వాసన ఒక్కటే గుప్పున మొహానికి తగిలింది. వినోద్ ఆగిపోయాడు. మావ పడింది గదికి ఆ చివర, అద్దం ముందు. ఈ వాసన ఇక్కడ, కిటికీ కింద, ఇనుప ప్లేట్లు పేర్చిన చట్రం దగ్గర ఎక్కువగా ఉంది.

ఇది వాంతి వాసన కాదు.

నేల మీద బోర్లా పడుకుని చట్రం కిందికి చెయ్యి పోనిచ్చాడు. దుమ్ము, వెంట్రుకలు, ఎవరిదో పాత ప్లాస్టరు ముక్క, దాని వెనక చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. లాగాడు. మావకి పొడి గిలక్కొట్టి ఇచ్చే సీసా. బుధవారం మావ కూలినప్పుడు జనం కాళ్ళ మధ్య దొర్లుకుంటూ ఇక్కడిదాకా వచ్చినట్టుంది. మూత బిగించే ఉన్నా, మూతిచుట్టూ నురగ కారి ఎండి పసుపుపచ్చగా పేరుకుంది. లోపల సగానికి పైగా అలాగే ఉంది. పైన తెట్టు కట్టి, అడుగున బూడిదరంగు మడ్డి దిగి, నాలుగు రోజుల వేడికి ఉబ్బింది. ముక్కు దగ్గరికి రాగానే వినోద్‌కి వాంతి వచ్చినంత పనయింది. అయినా దాన్ని వదల్లేదు. రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకున్నాడు.

డబ్బా పోతే పోయిందమ్మమ్మా, ఇది ఉన్నాది అన్నాడు. కూర్మమ్మకి విషయం అర్థమైంది. ఇంక క్షణం ఆగకుండా పోదాం పద అంది. చెప్పులు తొడుక్కోవడానికి గుమ్మం దాకా వెళ్ళినదల్లా ఠక్కున నిలబడిపోయి చెవి ఒగ్గింది.

"ఎవుడో ఎక్కుతన్నాడు."

వినోద్ కూడా విన్నాడు. కింద మెట్ల మీద బరువైన అడుగులు. నాలుగు మెట్లు, ఆగడం. మళ్ళీ నాలుగు మెట్లు, ఆగడం. ఆగిన ప్రతిసారీ నోరు తెరుచుకుని గాలి లాగుతున్న చప్పుడు. ఇందాక ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని చూపించిన చప్పుడే అది. లోగేశ్వరన్ తిరిగొస్తున్నాడు. కార్డు కోసమా, వాళ్ళ కోసమా, లేక ఆ సీసా ఎక్కడ దొర్లిందో ఆయనకి కూడా ఇప్పుడే గుర్తొచ్చిందా, వినోద్‌కి తెలియలేదు. ఈ గదికి ఉన్నది ఆ ఒక్క దారే.

కూర్మమ్మ ముక్కు మీది కొంగు తీసేసింది. అతని చేతుల్లోంచి సీసా లాక్కుని, కారుతున్న మూతిని అదే కొంగుతో చుట్టి, వైరు సంచి అడుగున, కొడుకు కోసం తెచ్చిన ఉతికిన చొక్కాల కింద పెట్టింది. తర్వాత సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇందాక వద్దన్న కుర్చీలో, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా కూర్చుంది.